పల్లవికీ చరణానికీ మధ్య

కష్టజీవుల బతుకును గురించి రాసిన పాట కోటి ప్రతులు అమ్ముడుపోయిన తర్వాత కూడా కష్టజీవుల పాటగానే మిగులుతుందా? ఈ ప్రశ్నకు మనలో సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తుంటాయి. మార్కెట్టులో అడుగుపెట్టిన కళ అప్పుడే చచ్చిందని కొందరంటారు. లక్షలాది జనాన్ని చేరింది గనక అది గెలిచినట్టేనని మరికొందరంటారు. రెండూ తేలికగా దొరికే సమాధానాలే. 1984-85 సంవత్సరాల్లో ఒక అమెరికన్ రాక్ గాయకుడు తన కొత్త ఆల్బంతో చేసిన సంగీత యాత్ర చరిత్రను పరిశీలిస్తే, ఈ రెంటిలో ఏదీ చాలదని స్పష్టమవుతుంది.

ముందుగా నా పొరపాటు ఒప్పుకోవాలి. నేను విద్యార్థిగా ఉన్న రోజుల్లో హాస్టలులో ఎవరో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పాడిన "బార్న్ ఇన్ ది యు.ఎస్.ఏ." పెడితే, ఇది సామ్రాజ్యవాదుల జెండా పాట అని ఎగతాళి చేశాను. చరణాలు కాగితం మీద చదివింది చాలా ఏళ్ల తర్వాత. చదివి సిగ్గుపడ్డాను. సరిగ్గా నేను విన్నట్టే అమెరికా అధ్యక్షుడు కూడా ఆ పాటను విన్నాడని తెలిసినప్పుడు, సిగ్గుతోపాటు ఆలోచన కూడా కలిగింది. ఎదురెదురు శిబిరాల్లో ఉన్న ఇద్దరు శ్రోతలు ఒకే తప్పు చేశారంటే, కారణం శ్రోతల్లోనే కాక పాట రూపంలో కూడా వెతకాలి.

స్ప్రింగ్‌స్టీన్ 1949లో పుట్టాడు. న్యూజెర్సీ రాష్ట్రంలో ఫ్రీహోల్డ్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. తండ్రి రగ్గుల మిల్లులోనూ మోటారు కార్ల ఫ్యాక్టరీలోనూ పనిచేశాడు, బస్సు నడిపాడు. మిల్లు మూతపడిన ఊరు ఎట్లా ఉంటుందో ఆ కుర్రవాడికి ఒకరు చెప్పనక్కరలేదు. 1981 ఆగస్టులో ఆయన లాస్ ఏంజెలిస్‌లో, వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుల సంఘానికి నిధులు సమకూర్చటానికి కచేరీ చేశాడు. కొద్ది నెలల తర్వాత ఇంట్లో ఒంటరిగా కూర్చుని క్యాసెట్టు రికార్డరులో పాడిపెట్టుకున్న పాటల్లో ఈ పాట తొలి రూపం ఉంది.

పాటలోని మనిషి దిక్కుమాలిన ఊళ్లో పుట్టినవాడు. ఏదో చిన్న గొడవలో ఇరుక్కుంటే చేతికి తుపాకి ఇచ్చి వియత్నాం పంపుతారు. తిరిగి వస్తే రిఫైనరీలో పని దొరకదు. మాజీ సైనికుల బాగోగులు చూడవలసిన ప్రభుత్వ ఉద్యోగి చేతులెత్తేస్తాడు. సోదరుడు ఖేసాన్ పోరులో పోయాడు. పదేళ్లు గడిచినా ఇతను జైలు నీడలో, రిఫైనరీ మంటల పక్కన, పోవటానికి చోటు లేక నిలబడి ఉంటాడు. ఇదీ చరణాల్లోని కథ. పల్లవిలో మాత్రం పుట్టిన దేశం పేరు తప్ప మరేమీ లేదు. చరణాలతో కలిపి వింటే అది నిలదీత: ఇక్కడే పుట్టిన నాకు ఈ గతి ఏమిటని. విడదీసి వింటే జయధ్వానం.

1982లో బ్యాండుతో కలిసి రికార్డు చేసినప్పుడు రాయ్ బిట్టన్ సింథసైజరూ, మాక్స్ వైన్‌బెర్గ్ డ్రమ్ములూ ఆ పల్లవికి ఆకాశమంత ఎత్తు ఇచ్చాయి. అప్పట్నించే పల్లవి చరణాన్ని మింగటం మొదలుపెట్టిందనుకుంటాను.

ఆల్బం 1984 జూన్ 4న విడుదలయింది. జూన్ 29న మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్‌లో యాత్ర మొదలయింది. 1985 అక్టోబరు 2న లాస్ ఏంజెలిస్‌లో ముగిసేలోగా 156 కచేరీలు జరిగాయి. తొలి ఏడాది కచేరీలు ఎక్కువగా పెద్ద ఇండోరు స్టేడియముల్లో సాగాయి. సొంత రాష్ట్రంలో, ఇరవై వేల మంది పట్టే స్టేడియంలో, ఆగస్టు నెలలో పది రాత్రులు పాడాడు. ఒక్కొక్క కచేరీ మూడు గంటలు దాటేది. ఆ శ్రమను తక్కువ చెయ్యటానికి లేదు.

అయితే పక్కనే సరుకు పని కూడా సాగుతూ ఉంది. సెయింట్ పాల్‌లోనే సినిమా దర్శకుడు బ్రయాన్ డిపామా ఆల్బంలోని మరొక పాటకు వీడియో తీశాడు. అందులో గాయకుడు జనంలోనుంచి వేదిక మీదికి లాగి నాట్యం చేయించే అమ్మాయి, ముందే కుదుర్చుకున్న నటి. ఆల్బంలోని పన్నెండు పాటల్లో ఏడు, విడి రికార్డులుగా అమెరికా అమ్మకాల పట్టికలో మొదటి పది స్థానాల్లోకి చేరాయి. అదే సంవత్సరం ఇండియానా రాష్ట్రంలో తెరిచిన కాంపాక్ట్ డిస్కుల ఫ్యాక్టరీలో మొట్టమొదట అమ్మకానికి తయారైంది కూడా ఈ ఆల్బమే. మూతపడిన కార్ఖానాల పాట ఒక కొత్త కార్ఖానాకు ప్రారంభోత్సవం చేసింది!

ఇక రాజకీయం సంగతి. 1982 చివర అమెరికాలో నిరుద్యోగం నూటికి పది దాటింది. రెండేళ్లకు ఎన్నికలు వచ్చాయి. జార్జి విల్ అనే మితవాద పత్రికా రచయిత కచేరీకి వెళ్లివచ్చి 1984 సెప్టెంబరు 13న ఒక వ్యాసం రాశాడు. ఈ గాయకుడు మూతపడిన ఫ్యాక్టరీల ఊసెత్తినా ఏడుపుగొట్టువాడు కాడనీ, కష్టాల చిట్టా మధ్య మధ్య పల్లవి వచ్చి ఉల్లాసంగా దేశాన్ని చాటుతున్నదనీ, జనం జెండాలు ఊపుతున్నారనీ దాని సారాంశం. గమనించండి, విల్ చరణాలు వినకపోలేదు. విని, పల్లవి వాటిని కొట్టివేసిందని సంతోషించాడు! ఆరు రోజుల తర్వాత న్యూజెర్సీలోని హామంటన్ ఎన్నికల సభలో అధ్యక్షుడు రీగన్ ఆ గాయకుడి పేరు చెప్పి, అమెరికా భవిష్యత్తు ఆయన పాటల్లోని ఆశలో ఉందన్నాడు.

స్ప్రింగ్‌స్టీన్ జవాబు సెప్టెంబరు 21న పిట్స్‌బర్గ్ వేదిక మీద వచ్చింది. అధ్యక్షుడికి తన ఆల్బముల్లో ఏది ఇష్టమో తెలియదనీ, "నెబ్రాస్కా" మాత్రం అయి ఉండదనీ వ్యంగ్యంగా అని, ఆ ఆల్బంలోని "జానీ 99" ఎత్తుకున్నాడు. కార్ల ఫ్యాక్టరీ మూతపడి, అప్పులపాలై, తాగి హత్య చేసిన కార్మికుడి పాట అది. ఆ ఊళ్లోనే ఉక్కు కార్మికుల యూనియన్ నాయకుణ్ణి కలుసుకుని, పని పోయిన కుటుంబాలకు యూనియన్ నడుపుతున్న ఆహార కేంద్రానికి విరాళమిచ్చాడు. పక్కనే ఉన్న హోమ్‌స్టెడ్, 1892లో కార్నెగీ కంపెనీ కిరాయి సాయుధులతో కార్మికులు తలపడిన చోటు. అక్కడి ఉక్కు కర్మాగారం 1986లో మూతపడింది.

తెలుగు పాఠకుడికి ఈ సందర్భంలో బుర్రకథ గుర్తుకు రావాలి. కథకుడు కథ నడుపుతుంటే కుడివైపు వంత ఆపి ప్రశ్న వేస్తాడు. నాటి కథను నేటి రాజకీయానికి ముడివేస్తాడు. పల్లవి ఎంత హుషారుగా సాగినా కథను మింగనివ్వకుండా కాపలా కాసేది ఆ వంతే. 1940లలో ప్రజానాట్యమండలి ఈ ప్రక్రియను చేపట్టటం యాదృచ్ఛికం కాదు. ఇరవై వేలమంది మైదానంలో అటువంటి వంత లేడు. పిట్స్‌బర్గ్‌లో గాయకుడు కాసేపు తనకు తానే వంత అయ్యాడు. యాత్ర చివర లాస్ ఏంజెలిస్‌లో మళ్లీ అయ్యాడు: నాయకుల్ని గుడ్డిగా నమ్మితే ప్రాణాలు పోతాయని యువకుల్ని హెచ్చరించి, "వార్" అనే పాత యుద్ధవ్యతిరేక గీతం పాడాడు.

దీనివల్ల ఏమి జరిగిందని అడగవచ్చు. నవంబరులో రీగన్ 50 రాష్ట్రాల్లో 49 గెలిచాడు. ఆహార కేంద్రానికిచ్చిన విరాళం ఒక్క కొలిమిని కూడా తిరిగి వెలిగించలేదు. నిజమే. పాటకు ఆ పని అప్పగించటం మనదే తప్పు. పాట చేయగలిగింది, బాధపడేవాడి మాట అతని గొంతులోనే వినిపించటం. ఆ మాటను ఎవరైనా కాజెయ్యబోతే అడ్డుపడటం గాయకుడి బాధ్యత. స్ప్రింగ్‌స్టీన్ అడ్డుపడ్డాడు, ఆలస్యంగానైనా. 1995లో మొదలైన మరొక యాత్రలో చిన్న థియేటర్లలో ఒంటరిగా గిటారు పట్టుకుని అదే పాటను వేరే బాణీలో పాడాడు. అక్కడ ఎవరూ జెండా ఊపదగ్గ సందర్భం లేదు; చరణాలు వినక తప్పలేదు.

అలాగని ఆయన్ను నెత్తిన పెట్టుకోనక్కరలేదు. 2021లో తన పాటల హక్కుల్ని సోనీ కంపెనీకి అమ్మాడు. ధర సుమారు 50 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి. 2022లో తర్వాతి యాత్ర టిక్కెట్లను గిరాకీని బట్టి ధర పెంచే పద్ధతిలో అమ్మినప్పుడు కొన్ని నాలుగువేల డాలర్లు దాటాయి. పని పోయిన రిఫైనరీ కూలీ ఆ కచేరీకి రాలేడు. అయినా అదే మనిషి 2025 మేలో మాంచెస్టర్ వేదిక మీద తన దేశాధ్యక్షుణ్ణి నిలదీశాడు. ఈ రెండు పనులూ ఒకే మనిషివి. ఒకటి చూపి రెండోదాన్ని కొట్టివేస్తే చరిత్ర అర్థం కాదు.

మన సభల్లో కూడా పాట మొదలుకాగానే జనం పల్లవి అందుకుంటారు, చప్పట్లు మోగుతాయి, చరణాలు మైకులో కలిసిపోతాయి. సభ జయప్రదమైందని రాసుకుంటాం. ఆ చరణాల్లోని మనిషి ఎవరో ఎంతమందికి తెలిసిందని మనం ఎన్నడూ లెక్కపెట్టం. హాస్టలు గదిలో నేను చేసిన తప్పు రేపు మన పాటల విషయంలో ఇంకొక విద్యార్థి చెయ్యకూడదంటే, గాయకుడి పక్కన ప్రశ్న వేసే వంత ఉండాలి. ఆ పని విమర్శకులదీ, తరగతి గదిలో నిలబడే మావంటివాళ్లదీ కూడా.