రెండేళ్ళ చదువు

హాజరుపట్టీలో ఒక పేరు మీద ఎర్రసిరాతో అడ్డగీత గీయడం ఉపాధ్యాయునికి పెద్ద పని కాదు. నేనూ చాలా గీతలు గీశాను. వాటిలో ఒకటి మాత్రం నలభయ్యేళ్ళు దాటినా చెరగడం లేదు.

అది 1984. భాషాప్రవీణ, పండిత శిక్షణ ముగించుకొని మా ముసునూరు చుట్టుపక్కల ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో కొత్తగా చేరాను. ఏడవ తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. శతక పద్యం ఒక్కసారి వింటే యతిభంగం లేకుండా అప్పజెప్పేది. వేసవి సెలవులై బడులు తెరిచాక ఎనిమిదిలో చేరలేదని తెలిసి ఇంటికి వెళ్ళాను. తండ్రి మామిడితోటకు కాపలాదారు. అప్పటికి రసాల కాపు అయిపోయింది, కలెక్టరు కాయలు దింపుతున్నారు. ఆయన నన్ను మంచం మీద కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగాడు: "పంతులుగారూ, హైస్కూలు నాలుగు మైళ్ళు. ఈ తోటల్లోంచి రోజూ దానితో ఎవరు నడుస్తారండీ? పోనీ, అక్కడ ఆడ పంతులమ్మ ఒక్కరన్నా ఉన్నారా?"

లేరు. నేను చదివిన ఏ శాస్త్రంలోనూ ఆ ప్రశ్నకు సమాధానం లేదు. తిరిగివచ్చి పట్టీలో గీత గీశాను.

చదువరులు గమనించండి, ఆ తండ్రి 'ఆడపిల్లకు చదువెందుకు' అనలేదు. స్త్రీవిద్య మీద మన పెద్దలు చేసిన వాదోపవాదాలన్నీ ఆ 'ఎందుకు' చుట్టూ తిరిగినవే. కందుకూరి వీరేశలింగంగారు 1874లో ధవళేశ్వరంలో బాలికా పాఠశాల పెట్టిన నాడు ఎదుర్కొన్నది ఆ ప్రశ్ననే. అదే సంవత్సరం మన కృష్ణా మండలంలోని పెనుగంచిప్రోలులో పుట్టిన భండారు అచ్చమాంబగారు బడి మొగం చూడకుండానే తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారి చదువు పక్కన కూర్చొని అక్షరాలు దిద్దుకొని, 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసి ఆ ప్రశ్నకు జవాబిచ్చారు. అయితే అవి ఎక్కువగా పట్టణాల్లో, కొంత కలిగిన ఇళ్ళలో జరిగిన కథలు. పల్లెల్లో దళిత బాలికలకు పలక పట్టించినవారిలో క్రైస్తవ మిషనరీలు ముందున్నారు. మా పండితలోకం ఈ మాట ఒప్పుకోవడానికి ఇప్పటికీ కొంచెం జంకుతుంది.

కాపలాదారు అడిగినది వేరే ప్రశ్న. పంతులమ్మ లేనిదే ఆడపిల్ల బడికి రాదు. ఆడపిల్ల చదవనిదే పంతులమ్మ తయారు కాదు. విత్తు ముందా, చెట్టు ముందా అన్నట్టు. ఈ చిక్కుముడిని ఎక్కడ విప్పాలో నాకంటే పాతికేళ్ళ ముందే కనిపెట్టినవారు దుర్గాబాయి దేశ్‌ముఖ్.

ఆమె 1909లో రాజమండ్రిలో పుట్టి కాకినాడలో పెరిగారు. ఎనిమిదేళ్ళకు పెళ్ళి, తరువాత ఆ బంధం నుంచి బయటికి వచ్చారు. ఆంగ్ల మాధ్యమం వద్దని బడి మానేసి, పసితనంలోనే బాలికలకు హిందీ పాఠశాల నడిపారు. ఉప్పు సత్యాగ్రహ కాలంలో జైలుకు వెళ్ళివచ్చాక, తాను పోగొట్టుకున్న చదువును మళ్ళీ మొదటినుంచి అందుకున్నారు. బడికి పోకుండా ఇంటివద్ద చదివి కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ రాశారు. వాల్తేరులో బి.ఏ.లో చేరబోతే, ఆడపిల్లలకు వసతిగృహం లేదు కనుక ప్రవేశం లేదన్నారు. ఆమె ఏం చేశారనుకున్నారు? ఇలాగే చదవాలనుకొని ఆగిపోయిన అమ్మాయిలు ముందుకు రావాలని పత్రికల్లో ప్రకటన ఇచ్చారు. వచ్చిన కొద్దిమందితో తామే వసతిగృహం పెట్టుకున్నారు. ఇక కాదనడానికి కారణం మిగల్లేదు. వాదించి గెలిచినవాళ్ళ కథలు చాలా చదివాను గాని, అడ్డంకినే ఇల్లుగా కట్టుకొని అందులో కాపురమున్న కథ ఇదొక్కటే.

1937లో మద్రాసులో మొలకెత్తిన ఆంధ్ర మహిళా సభ కూడా, మైలాపూరులో తెలుగు అమ్మాయిలను ఆ కాశీ పరీక్షకు తయారుచేసే తరగతులతో వేళ్ళూనుకొన్నదే.

స్వాతంత్ర్యం వచ్చాక 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె అధ్యక్షురాలయ్యారు. పల్లెల్లో పని చేయడానికి గ్రామసేవికలు కావాలి, నర్సులు కావాలి, పంతులమ్మలు కావాలి. పట్నంలో చదివినవారు పల్లెకు రారు, పల్లెలో ఉన్నవారికి చదువు లేదు. అందుకని 1958లో సంక్షిప్త విద్యా తరగతులు ప్రారంభమయ్యాయి. నాలుగైదు తరగతులతో చదువు ఆగిపోయిన స్త్రీలను, ముఖ్యంగా వితంతువులను, భర్త వదిలేసినవారిని, పేదవారిని చేర్చుకొని రెండేళ్ళలో పరీక్షకు తయారుచేయడం పద్ధతి. తరగతులు నడిపే స్వచ్ఛంద సంస్థలకు మండలి గ్రాంటు ఇచ్చేది. ఆమె అధ్యక్షతననే జాతీయ స్త్రీవిద్యా సంఘం 1959లో నివేదిక ఇచ్చింది. అలాంటి నివేదికలు బీరువాల్లో చేరడం మామూలే. ఈ రెండేళ్ళ చదువు మాత్రం మనుషులను తయారుచేసింది.

ఎలా తెలుసంటే, అలాంటి ఒకరితో నేను పనిచేశాను. పేరు చెప్పను. అయిదవ తరగతిలో పెళ్ళి, ఇరవై దాటకుండా వైధవ్యం, ఆపైన ఆ రెండేళ్ళ తరగతులు, ఉపాధ్యాయ శిక్షణ. 1986లో ఆవిడ మా బడికి బదిలీ మీద వచ్చారు. పాఠం చెప్పడంలో ఆవిడకంటే నేనే మెరుగని అప్పట్లో అనుకునేవాణ్ణి. ఆవిడ సాయంత్రం బడి వదిలాక ఆడపిల్లలను వెంటబెట్టుకొని తోటల దారిన వాళ్ళ గుమ్మాలదాకా నడిచేవారు. తమ్ముణ్ణి ఎత్తుకోవాలని మానేసిన పిల్లను తమ్ముడితో సహా రమ్మనేవారు. ఒక మూల చాప పరిచి వాణ్ణి పడుకోబెట్టేవారు. రెండేళ్ళలో ఏడవ తరగతిలో ఆడపిల్లల సంఖ్య మగపిల్లలతో సమానమైంది. యతిప్రాసలు నేర్పిన నావల్ల మాత్రం కాదు.

తరువాతి చరిత్ర చదువరులకు తెలిసినదే. 1991 జనాభా లెక్కల్లో మన రాష్ట్రంలో అక్షరాలు వచ్చిన స్త్రీలు నూటికి 33 మంది. 2001కి 50 మంది. శాంతా సిన్హాగారు నడిపించిన వెంకటరంగయ్య ఫౌండేషన్ పనికి పోయే పిల్లలను శిబిరాల్లో చేర్చి, కొద్దినెలల్లో వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టింది. 2004లో కస్తూర్బా బాలికా విద్యాలయాలు వచ్చాయి. నాలుగు మైళ్ళ నడకకు వసతి ఒక జవాబని ప్రభుత్వానికీ తోచింది. వాల్తేరులో ఆ అమ్మాయిలు కనుగొన్నదీ ఆ జవాబే కదా!

2008లో నూజివీడులో ట్రిపుల్ ఐటీ తెరిచారు. పల్లెల్లోని ప్రభుత్వ పాఠశాలల్లో చదివిన పిల్లలకు పదవ తరగతి ఫలితాల ఆధారంగా సీట్లు. ఆ సంవత్సరం ఒక దరఖాస్తు నింపడానికి సాయం కావాలని ఒక తల్లి కూతురిని తీసుకొని మా ఇంటికి వచ్చింది. నేను ఆమెను గుర్తుపట్టలేదు. ఆమే చెప్పింది, ఫలానా కాపలాదారు కూతురినని. కాగితం అందుకోబోతే, "ఉండండి మాస్టారూ, నేను రాస్తాను, తప్పులుంటే మీరు చూద్దురుగాని" అన్నది. తల్లి చదువు అన్న గడి దగ్గర కాసేపు కలం ఆపింది. తరువాత గుండ్రని అక్షరాలతో 'ఏడవ తరగతి' అని రాసింది. తప్పులేమీ లేవు.