గార్డెన్ రూమ్: ఇంగ్లండ్‌లో నిర్మాణ అనుమతి నిబంధనలు

ఇంటిని ఆనుకోకుండా పెరట్లో విడిగా కట్టుకునే చిన్న గదిని బ్రిటన్‌లో గార్డెన్ రూమ్ అంటారు. ఎక్కువగా చెక్కతో కట్టి, చలి ఆగేలా గోడలకూ కప్పుకూ ఇన్సులేషన్ వేస్తారు. 2020లో కరోనా వల్ల ఆఫీసు పని ఇళ్లకు చేరాక వీటికి గిరాకీ పెరిగింది. ఇంగ్లండ్‌లో ఇలాంటి గదులకు చాలావరకు ప్లానింగ్ అనుమతి కోసం దరఖాస్తు పెట్టనక్కర్లేదు.

సొంత స్థలంలో కట్టాలన్నా అనుమతి ఉండాలన్న ఏర్పాటు 1947 నాటి టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టంతో వచ్చి, 1948 జూలై 1న అమల్లోకి వచ్చింది. ప్రతి కోళ్లగూటికీ స్థానిక కౌన్సిల్ గడప తొక్కించకుండా, చిన్న కట్టడాలకు అనుమతి ముందే ఇచ్చేసినట్లు భావిస్తారు. దీన్ని పర్మిటెడ్ డెవలప్‌మెంట్ అంటారు. పెరటి కట్టడాల షరతులు 2015 నాటి ఉత్తర్వులో క్లాస్ ఇ కింద ఉన్నాయి.

గది ఒకే అంతస్తు ఉండాలి. చూరు ఎత్తు 2.5 మీటర్లు దాటకూడదు. కప్పు రెండు వైపులా వాలుగా ఉంటే మొత్తం ఎత్తు 4 మీటర్లు, మరే రకమైనా 3 మీటర్లు మించరాదు. అయితే గదిలో ఒక్క మూల హద్దుకు 2 మీటర్ల లోపు వచ్చినా గది మొత్తానికి 2.5 మీటర్లే పరిమితి. ఇరుకు పెరళ్లలో దాదాపు అందరికీ వర్తించేది ఇదే. కంపెనీలు చదును కప్పుతో సరిగ్గా ఈ ఎత్తున మోడళ్లు అమ్మేదీ ఇందుకే. నేల ఎగుడుదిగుడుగా ఉంటే, గదిని ఆనుకున్న నేలలో ఎత్తైన చోటి నుంచి కొలుస్తారు. ఇంటి ముందు గోడను దాటి గది రాకూడదు. అసలు ఇంటిని మినహాయిస్తే మిగిలే ఆవరణలో సగానికి మించి కట్టడాలు ఉండకూడదు. అసలు ఇల్లంటే 1948 జూలై 1 నాటికి ఉన్న రూపం. ఆ తర్వాత కట్టినదైతే మొదట కట్టిన రూపం.

ఫ్లాట్లకు ఈ వెసులుబాటు లేదు. లిస్టెడ్ భవనాల (వారసత్వ కట్టడాలుగా నమోదై రక్షణ పొందినవి) ఆవరణలో అనుమతి తప్పనిసరి. నేషనల్ పార్కుల్లో ఇంటికి 20 మీటర్ల అవతల కట్టే గదులన్నీ కలిపి 10 చదరపు మీటర్లు దాటరాదు. ఆర్టికల్ 4 ఆదేశంతో కౌన్సిల్ తన ప్రాంతంలో ఈ హక్కును తీసివేయవచ్చు.

కొలతల కంటే వాడకం దగ్గరే ఎక్కువమంది చిక్కుల్లో పడతారు. గది ఇంటి జీవితానికి అనుబంధంగా మాత్రమే ఉండాలి. ఆఫీసు, జిమ్, బొమ్మలు వేసుకునే చోటు ఫర్వాలేదు. పడకగది, వంటగది అయితే అది నివాసం కిందికే వస్తుంది. పురిటికో, మనవల్ని చూడటానికో ఊరి నుంచి వచ్చి నెలల తరబడి ఉండే అమ్మానాన్నలకు పెరట్లో గది వేద్దామనుకునే తెలుగు కుటుంబాలు గమనించాల్సింది ఇదే: అన్ని కొలతలూ సరిపోయినా, పడక కోసం కట్టే గదికి క్లాస్ ఇ వర్తించదు. ఈ షరతును పక్కనపెట్టి పెరటి షెడ్లను నివాసాలుగా అద్దెకిచ్చే బెడద లండన్ శివార్లలో ముదిరింది. పక్కనే ఉన్న స్లౌ పట్టణ కౌన్సిల్ 2013లో వేడిని పసిగట్టే కెమెరాతో విమానం తిప్పి అలాంటి షెడ్లను వెతికించింది.

కట్టడం భద్రతా ప్రమాణాలను చూసే బిల్డింగ్ రెగ్యులేషన్స్ వేరే వ్యవహారం. పడక లేని గది 15 చదరపు మీటర్ల లోపైతే సాధారణంగా వాటి నుంచి మినహాయింపు ఉంటుంది. 15 నుంచి 30 మధ్య అయితే హద్దుకు కనీసం ఒక మీటరు దూరంలోనైనా ఉండాలి, చాలావరకు మండని సామగ్రితోనైనా కట్టాలి. కరెంటు పనికి మాత్రం నిబంధనలు వర్తిస్తాయి.

ప్లానింగ్ దరఖాస్తు అక్కర్లేకపోయినా, కట్టడం చట్టబద్ధమేనని కౌన్సిల్ ఇచ్చే లాఫుల్ డెవలప్‌మెంట్ సర్టిఫికెట్ తీసుకోవడం మేలు. ఇల్లు అమ్మేటప్పుడు కొనేవారి లాయరు అడిగే కాగితం అదే. అనుమతి లేని కట్టడంపై చర్యకు గడువు 2024 ఏప్రిల్ 25 నుంచి నాలుగేళ్లకు బదులు పదేళ్లయింది; ఆ తేదీకి ముందే పూర్తయిన వాటికి పాత గడువే. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లకు వేర్వేరు నిబంధనలున్నాయి.