ఆసియాఖండమున అంతర్జాతీయ విద్యాలయములు: వాని పుట్టుకయుఁ బెంపును

ఈ వార్షిక సంచికకు విద్యావిషయకమగు వ్యాసమొకటి వ్రాయుఁడని కార్యదర్శిగారు కోరిరి. మన సంఘము పక్షమున అంతర్జాతీయ విద్యాలయమొకటి నెలకొల్పవలెనను తలంపు పెద్దలలో బలపడుచున్నది. ధనమిచ్చెదమనువారు కొందఱు, పొలమిచ్చెదమనువారు కొందఱు. పూర్వులు విద్యార్థి వసతిగృహమునకై వ్రాసియిచ్చిన పట్టణస్థలమునే దీనికి మార్చిన సరిపోవును గదా యనువారు మఱికొందఱు. ఇట్టి సమయమున ఆసియాఖండమునం దీ విద్యాలయము లెట్లు పుట్టెనో, ఎవరు వానిని బెంచిరో, పెంపుతోఁ గూడ నేమి మార్పు వచ్చెనో తెలిపితిమేని నిర్ణయము చేయువారికిఁ గొంత సాయమగునని మే మీ వ్యాసమునకుఁ బూనుకొంటిమి.

పలుదేశముల బిడ్డలు చేరుటకు వీలైనదియు, ఒక్క దేశపు పాఠ్యప్రణాళికకుఁ గట్టుపడక యితరదేశముల విశ్వవిద్యాలయములును అంగీకరించు పరీక్షలకు సిద్ధము చేయునదియు నగు బడికి లోకమున నీ పేరు వాడుక. పరదేశములలోని మన భారతీయ పాఠశాలలు మనదేశపు పరీక్షలకే పిల్లలను సిద్ధపఱచినను, అన్యదేశమున నన్యప్రభుత్వపు అనుమతితో నడచునవి గనుక వానిని గూడ నీ చరిత్రలోఁ జేర్చితిమి.

పూర్వకాలపు జాడలు

పరదేశ విద్యార్థుల కాశ్రయమిచ్చుట మన తెలుఁగునేలకుఁ గ్రొత్త గాదు. కృష్ణాతీరమున విజయపురిలో, నేఁడు మనము నాగార్జునకొండ యనుచోట, క్రీస్తుశకము 3వ శతాబ్దమున ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని 14వ పాలనవత్సరమున బోధిసిరి యను ఉపాసిక సింహళదేశపు ఆచార్యులకై చైత్యగృహము గట్టించెను. కాశ్మీర గాంధారములు, చీనా, వంగము, వనవాసి మున్నగు సీమలందు ధర్మమును వ్యాపింపఁజేసినవారని యాచార్యుల నా శాసనము కొనియాడుచున్నది. ఆమె రాణి గాదు. గృహస్థుల యింటి యాఁడుబిడ్డ. 9వ శతాబ్దమున సువర్ణద్వీపాధిపతి బాలపుత్రదేవుఁడు నలందలో విహారము గట్టించి వేఁడుకొనఁగా, పాలవంశపు దేవపాలుఁ డైదు గ్రామముల నా విహారమునకు దానము చేసెను. భిక్షువుల పోషణమునకు, గ్రంథముల వ్రాఁతకు, శిథిలమైన కట్టడములను బాగుచేయుటకు ఆ గ్రామముల యాదాయము వినియోగింపవలెనని తామ్రశాసనము నిర్ణయించినది. కట్టించినవాఁ డొక దేశపురాజు, భూమి యిచ్చినవాఁడు వేఱొక దేశపురాజు. ఆదాయమునకు మాత్రము విహారమే యజమాని. దీనినే మనము న్యాసమందుము. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెనని ప్రార్థన.

కొండలపైఁ బుట్టిన బడులు

ఆధునికకాలమున నిట్టి బడులు తొలుత నవసరమువలనఁ బుట్టినవి. హిమాలయప్రాంతమున మసూరీచెంత 1854లో ఆంగ్లవనిత లారంభించిన బాలికల పాఠశాల వుడ్‌స్టాక్. తరువాత నది అమెరికా ప్రెస్బిటేరియనుల చేతికి వచ్చినది. దక్షిణమునఁ గొడైకెనాలులో అమెరికా మిషనరీలు తమ బిడ్డల కొఱకు 1901లో హైక్లెర్క్ అను బడిని బెట్టిరి. మొదట నందుఁ జేరిన పిల్లలు 13 మంది. మార్గరెట్ ఎడ్డీ యను నామె తొలి ప్రధానోపాధ్యాయిని. మదనపల్లెవంటి తెలుఁగుచోట్లఁ బనిచేసిన మిషనరీలకును ఎండకాలమునఁ గొండయే శరణ్యము. ఆ బడి పరులకై పుట్టినది గాదు. సముద్రము దాఁటి వచ్చినవారు తమ పిల్లలను వేలమైళ్ల దూరమున విడిచియుండలేక పెట్టుకొన్నది. మిషనరీల సంఖ్య తగ్గినపిదప నది తలుపులు మూసికొనలేదు. అన్యదేశముల బిడ్డలను, భారతీయుల బిడ్డలను జేర్చుకొని, పేరు మార్చుకొని, 1976లో జెనీవాసంస్థవారి అంతర్జాతీయ బాకలారియా పరీక్షను మనదేశమున మొట్టమొదట ప్రవేశపెట్టినది. ఆ పరీక్షాసంస్థ స్థాపింపఁబడినది 1968లో.

జపానులో నిట్టిదే మఱియొక కథ గలదు. 1923 సెప్టెంబరు 1వ తేదీ భూకంపము యోకహామా పట్టణమును నేలమట్టము చేసినది. మఱుచటి సంవత్సరమే, అనఁగా 1924లో, అచ్చటి విదేశీయులగు తల్లిదండ్రులు గూడి యోకహామా అంతర్జాతీయ పాఠశాల నారంభించిరి. నానాజాతి సమితి యుద్యోగుల బిడ్డలకై జెనీవాలో నట్టి బడి పుట్టినదియు నా సంవత్సరముననే. అంతర్జాతీయమను పేరును దాల్చిన తొలిబడులలో నివి లెక్కకు వచ్చును.

సింగపూరునుండి బ్రిటిషుసేనలు తరలిపోయిన 1971లో, సైనికుల బిడ్డలకై కట్టిన డోవర్ రోడ్డు బడి స్థలమున అంతర్జాతీయ పాఠశాల యొకటి వెలసెను. ప్రధాని లీ క్వాన్ యూ దానిని బ్రారంభించెను. తరువాత నది యునైటెడ్ వరల్డ్ కాలేజీల కూటమిలోఁ జేరినది. శుల్కమిచ్చు ధనికుల బిడ్డల ప్రక్కనే, నానాదేశములనుండి యోగ్యతనుబట్టి యెన్నుకొనఁబడి విద్యార్థివేతనముతోఁ జదువు పిల్లలును గూర్చుండుట యా కూటమి యాచారము.

గల్ఫుసీమలో మనవారి బడులు

ఇంక మనవారికి మిక్కిలి సంబంధించిన ఘట్టము. పారసీక సింధుశాఖ తీరమునందలి రాజ్యములు చమురుధనము గాంచకమునుపే భారతదేశముతో వర్తకబంధము గలవి. 1959నుండి 1966వఱకు దుబాయిలోఁ జెల్లిన నాణెము భారత రిజర్వు బ్యాంకు ప్రత్యేకముగా ముద్రించిన రూపాయియే. వర్తకులు, గుమాస్తాలు, వైద్యులు అచ్చటఁ గాపురములు పెట్టఁగా బిడ్డల చదువు ప్రశ్న వచ్చినది. బహ్రెయినులో 1950లో, కువైత్తులో 1959లో, దుబాయిలో 1961లో, మస్కట్టులో 1975లో భారతీయ పాఠశాలలు వెలసినవి. ఇవి లాభాపేక్ష లేని సమాజసంస్థలు. బస్తీలోని నలువురు పెద్దలు చందాలు వేసికొని కట్టిన బడులు. మన కులసంఘముల వసతిగృహములు మన జిల్లాలలో నెట్లు పుట్టెనో యవియు నట్లే పుట్టినవి.

1990 ఆగస్టు 2వ తేదీ ఇరాకుసేనలు కువైత్తును ముట్టడించినప్పుడు ఆ చందాబడులకుఁ బరీక్ష వచ్చినది. సుమారు 1,70,000 మంది భారతీయులు సర్వస్వము విడిచి స్వదేశమునకు మరలి వచ్చిరి. పిల్లలు లేని బడి యేమగును? లాభముకొఱకు నడచు అంగడియైనచో లెక్కలు చూచుకొని తాళము వేసియుండును. కువైత్తు భారతీయ సమాజ పాఠశాల నేఁటికిని నడచుచున్నది. సమాజము తిరిగివచ్చినప్పుడు బడియుఁ దిరిగివచ్చినది.

ఒక ఉపాధ్యాయ దంపతుల కథ

1959లోనే కేరళదేశమునుండి కె. ఎస్. వర్కీ, మరియమ్మ యను ఉపాధ్యాయదంపతులు దుబాయి చేరిరి. అరబ్బులకు ఆంగ్లము నేర్పుచు జీవనము సాగించిరి. 1968లో అవర్ ఓన్ ఇంగ్లీషు హైస్కూలను చిన్నబడిని దెఱచిరి. అప్పటికి దుబాయిలోఁ జమురు బయటపడి రెండేండ్లయినది. ఎగుమతి యింక నారంభము గాలేదు. వలసవచ్చువారు పెరిగినకొలఁది బడియుఁ బెరిగెను. 1980లో, బడికై ప్రత్యేకముగాఁ గట్టిన భవనమునందే తరగతులు నడుపవలెనని ప్రభుత్వము కోరఁగా, కుమారుఁడు సన్నీ వర్కీ భారము వహించెను. ఒక బడి పలుబడులయినది. 2000లో జెమ్స్ అను పేర నొక సంస్థగా నేర్పడినది. భారతీయ ప్రణాళిక, బ్రిటిషు ప్రణాళిక, అమెరికా ప్రణాళిక యని వేర్వేఱు బడులు, తక్కువ జీతగానికొక శుల్కము, ఎక్కువ జీతగానికొక శుల్కము. ఈ మెట్లవరుసయే యా పెంపునకు మూలసూత్రమని మా యభిప్రాయము. తరువాత నందు విదేశీయ మూలధనసంస్థలును భాగస్వాములయినవి. 2006లో దుబాయి ప్రభుత్వము విద్యాపర్యవేక్షణకై ప్రత్యేకాధికారస్థానము నేర్పఱచి, 2008నుండి తనిఖీలు జరిపి, ఫలితములను బహిరంగముగాఁ బ్రకటించి, శుల్కముల పెంపును వానితో ముడిపెట్టెను.

ఉపాధ్యాయవృత్తియందే జీవితము గడపినవారమగుటచే నీ కథ మాకుఁ బ్రీతిపాత్రము. బడికి మూలము బోధింపనేర్చిన యిరువురు మనుష్యులు. భవనము పండ్రెండేండ్లకుఁ గాని ప్రశ్నకు రాలేదు. మన పెద్దలు మొదట భవనపు నమూనాచిత్రము చూపి, ఉపాధ్యాయుల మాట చివరఁ దలఁతురు.

అరువు పేరుల కాలము

1990వ దశకమునుండి తూర్పాసియాలో వేఱొక పద్ధతి వచ్చినది. ఇంగ్లండులోని ప్రాఁతబడులు తమ పేరును స్థానిక ధనికులకు ఒప్పందముమీఁద నీయసాగెను. డల్విచ్ కళాశాల పేర థాయిలాండులోని ఫుకెట్టున 1996లోను, హారో పేర బ్యాంకాకులో 1998లోను విద్యాలయములు తెఱువఁబడినవి. నడుమ 1997లో థాయి నాణెపు విలువ పడిపోయి తూర్పుదేశములన్నియుఁ గలఁతపడినవి. బ్యాంకాకు హారో స్థిరపడినది. ఫుకెట్టులోనిది మాత్రము 2005లో డల్విచ్ పేరును విడిచి వేఱుపేరు ధరించినది. పేరు అరువుది, స్థలము వేఱొకనిది, ధనము మఱొకనిది యైనచోట ఒప్పందపు గడువే బడికి ఆధారమగును.

ప్రభుత్వముల చిత్తవృత్తియు మాఱుచుండును. మలేసియాలో దేశీయులగు పిల్లల సంఖ్యపై నుండిన పరిమితిని 2012లో నెత్తివేసిరి. బడులు విరివిగాఁ బెరిగెను. ఇండోనేసియా 2014 నాఁటి నిబంధనలతో బడులు అంతర్జాతీయమను మాటను బేరునుండి తొలఁగించుకొనవలసివచ్చెను. చీనాలో 2021 సెప్టెంబరునుండి నిర్బంధవిద్య గఱపు ప్రైవేటు బడులపై విదేశీయుల యాధిపత్యము నిషేధింపఁబడినది. పేరునే నమ్ముకొన్నవారికి నివి పాఠములు.

మన సీమయు మన కర్తవ్యమును

హైదరాబాదుచెంతఁ బటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ పరిశోధనాలయము వెలసినప్పుడు, పరదేశ శాస్త్రజ్ఞుల బిడ్డలకై బడి యవసరమయినది. హైదరాబాదు అంతర్జాతీయ పాఠశాల యా యవసరముననే పుట్టినది. 2001లో నచ్చటనే యారంభమైన ఓక్‌రిడ్జ్ విద్యాలయము 2019లో నార్డ్ ఆంగ్లియా యను బహుదేశసంస్థ కూటమిలోఁ గలిసినది. నేఁడు పట్టణములలో నిట్టి పేరుగల బడులు లెక్కకు మిక్కిలి. వానిలోఁ జదువువారు చాలవఱకు మన యూరి బిడ్డలే.

మనదేశపు ధర్మాసనము 2002లో టి. ఎం. ఏ. పాయ్ వ్యాజ్యమునఁ దీర్పు చెప్పుచు, విద్యాసంస్థ తన యభివృద్ధికై కొంత మిగులు గూర్చుకొనవచ్చును గాని లాభార్జన కూడదని నిర్ణయించినది. 2009 నాఁటి విద్యాహక్కు చట్టము ప్రైవేటుబడుల తొలితరగతిలోఁ బేదబిడ్డలకు నాలుగవవంతు స్థానము లీయవలెనని విధించినది. న్యాసమను మన పురాతనభావమే నేఁటి చట్టమునందును నిలిచియున్నది.

ఇంక వసతిగృహపు స్థలము మాట. కరీంనగరము, నిజామాబాదు, కడప, గోదావరీమండలములనుండి గల్ఫుదేశములకుఁ గూలికై పోయిన మనవారెందఱో గలరు. కుటుంబమును వెంటఁ దీసికొనిపోవుటకు నిర్ణీతమగు జీతముండవలెనని యచ్చటి నిబంధన. మేడలు గట్టిన కూలివాని బిడ్డకు దుబాయి భారతీయపాఠశాలలోఁ జోటు లేదు. వాఁడు తాతయొద్దనో మేనమామయొద్దనో పెరుగుచు, పై చదువునకుఁ బట్టణము చేరి మన వసతిగృహపు తలుపు తట్టును. ఆ స్థలమును దీసి శుల్కము చెల్లింపఁగలవారి బిడ్డల కిచ్చుట, దాత వ్రాసిన మాటను దుడిచివేయుటయే యగును. స్థలపు విలువ పెరిగినదనుట దానిని మార్చుటకుఁ గారణము గాఁజాలదు. విలువ పెరుగుటవలన న్యాసము బలపడవలెను గాని కరఁగిపోరాదు.

విద్యాలయము వలదని మా వాదము గాదు. కావలెను, కాని చరిత్ర చూపిన త్రోవను గావలెను. ఒకటి: దానికి వేఱుగ భూమిని సేకరించి, అమ్మకమునకుఁ గాని తాకట్టునకుఁ గాని వీలులేనట్లు న్యాసపత్రము వ్రాయింపవలెను. రెండు: అరువు పేరులకు ధనము పోయక, యోగ్యుఁడగు ప్రధానోపాధ్యాయుని ముందుగ నెన్నుకొని, రెండు మూఁడు తరగతులతో నారంభింపవలెను, కొడైకెనాలు బడికి 13 మందియే పునాది. మూఁడు: శుల్కము లిచ్చువారి ప్రక్కన వేతనముతోఁ జదువు పేదలను గూర్చుండఁబెట్టుటకు మొదటి దినమునుండియే మూలనిధి యుండవలెను. నాలుగు: ఏ దేశపు పరీక్షకుఁ బంపినను దెలుఁగు చదువని బిడ్డ యందుండరాదు. అయిదు: జమాఖర్చు లేటేట నీ మహాసభలోఁ జదివి వినిపింపవలెను.

బోధిసిరి యిచ్చిన కట్టడములున్న లోయ నాగార్జునసాగరమున మునిఁగినది. ఆమె దానశాసనము మాత్రము చదువఁబడుచునే యున్నది. మహాపోషకులు తమ దానపత్రములను గూడ నట్లే వ్రాయింతురుగాకయని ప్రార్థించుచు విరమించుచున్నారము.

శుభమస్తు.