వెనక గాలి స్విచ్చి వేసి ఉంచాలా, తీసేయాలా? తిరుత్తణి రోడ్డు మీద మా ఇంటి బండ్ల చరిత్ర

పోయిన ఆడికృత్తికకు తిరుత్తణి ఇంట్లో అందరం కలిసినప్పుడు చిన్నాయన ఒక మాట అడిగినాడు. "బండి షెడ్డులో పెట్టి నెల రోజులు ఊరికి పోతే వెనక గాలి స్విచ్చి వేసే ఉంచాలా, తీసేయాలా?" తలా ఒక మాట చెప్పినారు. ఎవరి మాటా ఇంకొకరి మాటతో కలవలేదు. రాసి పెడతామని అప్పుడు ఒప్పుకున్నాం. అయితే ఆ స్విచ్చి మన ఇంటికి ఎందుకు వచ్చిందో చెప్పకుండా జవాబు ఒక్కటే చెబితే పిల్లలకు సగమే తెలుస్తుంది. అందుకని మొదటినుంచీ రాస్తున్నాం. మేము పెరిగింది కోలారులో, చదివింది కన్నడ మీడియంలో. తెలుగు రాత ఇంట్లో నేర్చుకున్నదే, తప్పులుంటే పెద్దలు దిద్దాలి.

తాత వాళ్ల నాయన కాలంలో ఇంట్లో రెండు బండ్లు ఉండేవట. ఒకటి చేని బండి. ఇరుసు మీద నేరుగా పలకలే, రాయి తగిలితే ఆ దెబ్బ నడుముకే తగిలేది. రెండోది విల్లుబండి. ఇరుసుకూ తొట్టికీ నడుమ వంచిన ఇనుప పట్టీలు ఉంటాయి కాబట్టి ఆ పేరు. తమిళంలోనూ విల్లే, తెలుగులోనూ విల్లే, మేము బడిలో చదివిన కన్నడంలో బిల్లు. ఇప్పటి మెకానిక్ షెడ్లలో వాటినే కమాన్ పట్టీలు అంటారు. ఫార్సీ నుంచి వచ్చిన కమాన్ అనే మాటకూ విల్లు అనే అర్థం. ఇంగ్లండులో ఒబడయా ఎలియట్ అనే ఆయన గుర్రపు బండ్ల కింద ఇట్లాంటి పట్టీలకు పేటెంటు తీసుకున్నది 1804లో.

అవ్వ మన ఇంటికి కోడలిగా వచ్చింది ఆ విల్లుబండిలోనే. ఆమె పుట్టిల్లు నగరి పక్క పల్లె. అప్పటికి నగరీ తిరుత్తణీ రెండూ చిత్తూరు జిల్లావే. 1911లో ఆ జిల్లా ఏర్పడింది, 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికే చెందాలని మ.పొ. శివజ్ఞానం వంటివారు ఉద్యమం నడిపినారు. పాటస్కర్ మధ్యవర్తిగా వచ్చినాడు, 1959లో పార్లమెంటు చట్టం చేసింది, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చెంగల్పట్టు జిల్లాలో కలిసింది. సత్యవేడు వైపు ఊళ్లు ఇటునుంచి అటు పోయినాయి. 1997లో తిరువళ్లూరు జిల్లా ఏర్పడితే మనం అందులోకి వచ్చినాం. ఇల్లు అక్కడే ఉంది, ఉత్తరాల మీద చిరునామా మాత్రం మారుతూ వచ్చింది. అవ్వకు పుట్టింటికి పోవడం వేరే రాష్ట్రానికి పోవడం అయింది. "బండెద్దులకు ఆ గీత తెలీదురా" అనేది. ఆ రాకపోకలు ఆగకూడదనే తాత ఎప్పుడూ ఇంట్లో ఒక మంచి బండి ఉంచినాడని చిన్నాయన చెబుతాడు.

1970లలో తాత సెకండ్ హ్యాండు అంబాసిడర్ కొన్నాడు. దాని వెనక స్ప్రింగులూ కమాన్ పట్టీలే. తొమ్మిదిమంది ఎక్కి, మీద మూటలు కట్టి తిరుమలకు బయలుదేరితే వెనక కుంగిపోయి సైలెన్సర్ రాళ్లకు తగిలేది. తిరువళ్లూరులో ఒక కమ్మరి పట్టెడలో రెండు పక్కలా ఒక్కో పట్టీ ఎక్కువ వేయించినాడు. కుంగడం ఆగింది. కానీ ఇద్దరే పోయినప్పుడు బండి ఎగిరెగిరి పడేది. "నిండుగా ఉంటే పల్లకి, ఒట్టిగా పోతే తిరగలి" అని అవ్వ మాట. ఇనుప స్ప్రింగుకు ఉన్న కష్టమంతా ఆ ఒక్క మాటలో ఉంది. బరువుకు తగ్గట్టు గట్టిగా చేస్తే ఖాళీగా ఉన్నప్పుడు కుదుపు, మెత్తగా చేస్తే బరువెక్కినప్పుడు కుంగు.

గాలి స్ప్రింగు పుట్టింది ఈ కష్టానికే. రబ్బరు సంచిలో గాలి నింపితే బరువు పెరిగినప్పుడు గాలి పెంచవచ్చు, తగ్గినప్పుడు వదలవచ్చు. అమెరికాలో విలియం హంఫ్రీస్ 1901లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. 1930లలో ఫైర్‌స్టోన్ కంపెనీ ఇట్లాంటి సంచులు తయారుచేసింది, 1953లో జనరల్ మోటార్స్ బస్సులకు వచ్చినాయి, 1957లో కాడిలాక్ ఎల్డొరాడో బ్రూమ్ కారుకు వచ్చినాయి. ఆ కారులో గాలి కారిపోయే బాధ పడలేక చాలామంది సంచులు తీసేసి మామూలు కాయిల్ స్ప్రింగులు వేయించుకున్నారు. కాబట్టి చిన్నాయన అనుమానం కొత్తది కాదు.

బస్సుల్లో మాత్రం ఇది నిలిచింది. మన దేశంలో 2001లో వోల్వో బస్సులు వచ్చినాక బెంగళూరు నుంచి తిరుపతికి వాటిలో పోయేవాళ్లం. రాత్రంతా నిలిపిన బస్సు తెల్లవారేసరికి కొంచెం కుంగి ఉండేది. డ్రైవరు ఇంజను వేసి, గాలి ఎక్కేదాకా ఆగి, బస్సు లేచినాకనే కదిలించేవాడు. ఆ ఆగడం ఎందుకో అప్పుడు తెలీదు.

కార్లలో ఈ స్విచ్చి సంగతి బాగా తెలిసినవాళ్లు లింకన్ టౌన్ కార్ నడిపినవాళ్లు. 1990 మోడలు నుంచి దానికి వెనక గాలి స్ప్రింగులు, డిక్కీ లోపల ఒక స్విచ్చి. జాకీ వేసేముందు, లాక్కుపోయేముందు అది తీసేయమని కంపెనీ పుస్తకంలోనే రాసినారు.

ఇక మన బండి. పెద్దమ్మకు వేలూరులో వెన్నెముక ఆపరేషన్ అయినాక ఏడు సీట్ల బండి వెనక కాయిల్ స్ప్రింగుల్లో గాలి సంచులు వేయించినాం. ఒక చిన్న కంప్రెసర్, ఎత్తు చూసే సెన్సారు, డాష్‌బోర్డు కింద స్విచ్చి. ఆ స్విచ్చికి కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి ఇచ్చినారు, తాళంతో సంబంధం లేదు. అది మేము గమనించలేదు. టెస్టింగ్ ఉద్యోగం చేస్తూ ఇంటి బండిని టెస్ట్ చేయకుండా ఒప్పుకోవడం మా తప్పే.

శుక్రవారం రాత్రి బండి షెడ్డులో పెట్టినాం, స్విచ్చి వేసే ఉంది. సోమవారం తెల్లవారి అయిదుకు పెద్దమ్మ చీర కట్టుకుని, ఫైలు ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. తాళం తిప్పితే చప్పుడే లేదు, బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. దొరికిన టాక్సీలో పోయినాం. షోళింగర్ దాటేదాకా ఆమె ఏదో ఒకటి చెబుతూనే ఉంది, తర్వాత మాట్లాడలేదు. ప్రతి గుంతకూ ముందు సీటు పట్టుకునేది. రాత్రి ఇంటికి వచ్చినాక ఎవరినీ ఏమీ అనలేదు. ఆ మౌనమే మాకు ఎక్కువ బాధ పెట్టింది.

ఆ వారం సెలవు పెట్టి పరీక్ష చేసినాం. చక్రం నడిమి నుంచి పై అంచు దాకా టేపు పెట్టి రాత్రీ పొద్దునా కొలిచినాం. స్విచ్చి తీసేసిన రాత్రి ఎడమ పక్క అర అంగుళం దిగింది, కుడి పక్క దిగలేదు. స్విచ్చి వేసిన రాత్రి ఎత్తు మారలేదు, కానీ కంప్రెసర్ పదేపదే లేచి కూసింది. అంటే ఎడమ పక్క ఎక్కడో గాలి కారుతోంది, దాన్ని నింపడానికి కంప్రెసర్ బ్యాటరీని తినేస్తోంది. గొట్టం అతుకుల మీద సబ్బు నీళ్లు పోస్తే ఒకచోట బుడగలు వచ్చినాయి. గొట్టం కొసను తిన్నగా కోసి మళ్లీ బిగించినాం. తర్వాత నాలుగు రాత్రులు స్విచ్చి తీసేసినా ఎత్తు దిగలేదు. కరెంటు లేనప్పుడు మన బండి వాల్వులు మూసుకునే ఉంటాయి, గాలి సంచిలోనే నిలుస్తుంది.

కాబట్టి చిన్నాయనకు జవాబు ఇది. నడిపేటప్పుడు స్విచ్చి వేసే ఉండాలి. తీసేసి జనాన్ని ఎక్కిస్తే వెనక కుంగుతుంది, హెడ్‌లైట్లు ఎదురు వచ్చేవాళ్ల కళ్లలో పడతాయి. ఒక్క రాత్రికైతే, గాలి కారకపోతే, ఎట్లున్నా ఫరవాలేదు. రెండు మూడు రోజులు దాటి పెట్టేటట్టయితే తీసేయాలి.

జాకీ వేసేముందు తప్పకుండా తీసేయాలి. బండిని లేపితే చక్రం కిందికి వేలాడుతుంది. సెన్సారు దాన్ని చూసి బండి మరీ ఎత్తుగా ఉందనుకుని గాలి వదిలేస్తుంది. దించినప్పుడు వెనక భాగం కుంగి జాకీ ఇరుక్కోవచ్చు, చెయ్యి కింద ఉంటే ఇంకా ప్రమాదం. లాక్కుపోయేటప్పుడూ తీసేయాలి.

ఊరి నుంచి వచ్చినాక ముందు బండి వెనక చూడాలి, ఇంజను వేసి, స్విచ్చి వేసి, ఎత్తు వచ్చేదాకా ఆగాలి, ఆ బస్సు డ్రైవరు ఆగినట్టు. గాలి లేని సంచి మీద నడిపితే రబ్బరు నలిగి చిరుగుతుంది. స్విచ్చి లేకుండా కంపెనీయే గాలి స్ప్రింగులు వేసిన కార్లు ఉన్నవాళ్లు వాళ్ల పుస్తకం చూసుకోవాలి. కొన్నింటిలో జాకీ కోసం వేరే మోడ్ ఉంటుంది.

ఇదంతా ఒక అట్ట మీద రాసి షెడ్డులో తాళాల మేకుకు కట్టినాం. డ్రైవరు కోసం తమిళంలో చిన్నాయన రాసినాడు, తెలుగులో మేము రాసినాం. మా తలకట్లు కన్నడం మాదిరి ఉన్నాయని పెద్దమ్మ నవ్వింది. మళ్లీ వేలూరు పోయిన రోజు బండి ఎక్కేముందు ఆమే ఆ అట్ట పైకి చదివింది. తిరిగి వచ్చేటప్పుడు షోళింగర్ దాటినాక నిద్రపోయింది.