పేర్లు కుట్టిన బొంత

మన అమ్మమ్మల కాలంలో పాత చీర పారేయడమన్నది లేదు. నాలుగైదు చీరలు ఒకదానిమీద ఒకటి పరిచి, దారంతో బారుగా కుట్లు వేసి బొంత చేసేవారు. పసిపిల్లల కింద పరిచేది అదే, చలికాలంలో కప్పుకునేది అదే. కుట్టిన మనిషి పోయాక కూడా ఆమె చీర అంచు ఆ బొంతలో ఏళ్ళతరబడి మిగిలి ఉండేది. అమెరికా ఇళ్ళలో ‘క్విల్ట్’ అని భద్రంగా దాచుకునేది కూడా దాదాపు అటువంటిదే. మనం వచ్చి స్థిరపడిన ఈ దేశంలో ఆ బొంత ఒక పెద్ద దుఃఖానికి ఎలా ఆసరా అయిందో మన కుటుంబాలవారికి చెప్పాలని ఈ వ్యాసం.

దుఃఖాన్ని గుడ్డమీద కుట్టుకోవడం ఇక్కడ కొత్త కాదు. కెంటకీ రాష్ట్రంలో ఎలిజబెత్ రోజ్‌బెరీ మిచెల్ అనే ఆవిడ 1843లో కుట్టిన బొంత ఆ రాష్ట్ర చారిత్రక సంఘం దగ్గర ఉంది. నడిమధ్యన కంచె వేసిన శ్మశానం. అంచు వెంబడి శవపేటికల ఆకారంలో కత్తిరించిన గుడ్డముక్కలు, వాటిమీద ఇంట్లోవాళ్ళ పేర్లు. ఎవరైనా పోతే ఆ ముక్క విప్పి మధ్యకు మార్చి కుట్టాలి. బతికున్నవాళ్ళకు ముందే పేటికలా, అపశకునం కాదూ అని మనవాళ్ళు చెవులు మూసుకుంటారేమో. కాని కొడుకులను పోగొట్టుకున్న ఆ తల్లి చేతులకు ఏదో ఒక పని కావలసి వచ్చింది.

నేను ముఖ్యంగా చెప్పదలచినది అంతకంటే చాలా పెద్ద బొంత గురించి. 1981 జూన్‌లో ఎయిడ్స్ మీద మొదటి వైద్య నివేదిక వెలువడింది. మొదట్లో ఈ దేశంలో దానికి ఎక్కువగా బలైనవారు నగరాలలోని స్వలింగ ప్రేమికులు. తరువాత రక్తం ఎక్కించుకున్నవారు, చిన్నపిల్లలు కూడా. ఎక్కడైనా మనిషి పోతే నలుగురూ వస్తారు, పరామర్శిస్తారు. ఈ జబ్బుతో పోయినవారిలో చాలామందికి అదీ దక్కలేదు. కొన్నిచోట్ల అంత్యక్రియల సంస్థలే శవాన్ని ముట్టుకోమన్నాయి. కొన్ని కుటుంబాలు జబ్బు పేరు దాచిపెట్టాయి. నెలలతరబడి సేవ చేసిన సహచరుణ్ణి అంత్యక్రియలకు రానివ్వని ఇళ్ళూ ఉన్నాయి.

శాన్‌ఫ్రాన్సిస్కోలో 1978 నవంబరులో హత్యకు గురైన హార్వే మిల్క్, మేయర్ జార్జ్ మాస్కోనీల జ్ఞాపకార్థం ఏటా కొవ్వొత్తుల ఊరేగింపు జరిగేది. 1985లో ఆ ఊరేగింపు ఏర్పాట్లు చూస్తున్న క్లీవ్ జోన్స్‌కు, ఆ ఒక్క నగరంలోనే వెయ్యిమందికి పైగా ఎయిడ్స్‌తో చనిపోయారని తెలిసింది. తమకు తెలిసిన మృతుల పేర్లు అట్టలమీద రాసి తెమ్మని అందరినీ కోరాడు. వాటిని ఫెడరల్ భవనం గోడకు అతికించారు. వెనక్కి జరిగి చూస్తే అతనికి అది అతుకుల బొంతలా కనిపించిందట. ఆ తరువాత తన మిత్రుడు మార్విన్ ఫెల్డ్‌మన్ పేరుతో మొదటి గుడ్డ తయారుచేశాడు. 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు. ఇంచుమించు ఒక సమాధి కొలత.

1987లో మార్కెట్ వీధిలో ఒక దుకాణం తీసుకుని పని మొదలుపెట్టారు. కుట్టుమిషన్లు, గుడ్డలు ఊరివాళ్ళే తెచ్చి ఇచ్చారు. కుట్టు వచ్చినవాళ్ళు కుట్టారు, రానివాళ్ళు జిగురుతో అతికించారు, రంగుతో రాశారు. పోయిన మనిషి జీన్స్ ప్యాంటు, ఎలుగుబంటి బొమ్మ, ఉత్తరాలు, పతకాలు, పెళ్ళి ఉంగరాలు అన్నీ ఆ గుడ్డల్లోకి ఎక్కాయి. ఇంట్లోవాళ్ళకు భయపడి కొందరు ముద్దుపేరు మాత్రమే రాశారు. ‘చచ్చినవాడి కళ్ళు చారెడు’ అని మన సామెత. ఇక్కడ అలా పొగడలేదు. పేరుమోసిన లాయరు రాయ్ కోన్ గుడ్డమీద మూడే మాటలు: దౌర్జన్యపరుడు, పిరికివాడు, బాధితుడు. ఆ మూడో మాట రాసిన చెయ్యి గొప్పదనిపిస్తుంది నాకు.

1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లోని నేషనల్ మాల్ మీద 1,920 గుడ్డలు పరిచారు. ఎనిమిదేసి గుడ్డలు కలిపి కుట్టిన చదరాన్ని తామరమొగ్గలా మడిచి ఉంచుతారు. తెల్లబట్టలు కట్టుకున్నవారు చుట్టూ నిలబడి రేకు తరువాత రేకుగా విప్పుతారు. ఒక్కొక్క పేరూ పైకి చదువుతారు. తర్పణం వదిలేటప్పుడు మనం గోత్రం చెప్పి, పేరు చెప్పి పిలవమూ? పేరు పలకనిదే పోయినవాడికి అందదన్న నమ్మకం మనదొక్కటే కాదన్నమాట. ఆ వారాంతంలో 5 లక్షలమంది చూశారని లెక్క. మరుసటి ఏడు అక్టోబరుకు గుడ్డల సంఖ్య 8,288 అయింది.

అందరికీ ఇది నచ్చలేదు. ఏడుస్తూ కూర్చుంటే మందులు వస్తాయా అని అడిగినవాళ్ళున్నారు. 1992 అక్టోబరులో ఇదే బొంత వాషింగ్టన్‌లో పరిచి ఉండగా, ‘యాక్ట్ అప్’ ఉద్యమకారులు తమవాళ్ళ నిజమైన చితాభస్మం తెచ్చి వైట్‌హౌస్ పచ్చికమీదకు విసిరారు. ఆ కోపం న్యాయమైనదే. అయితే కోపంతో ఊరేగింపులోకి రాలేని తల్లులు కూడా సూది పట్టుకుని ఈ బొంత దగ్గరకు రాగలిగారు.

మొత్తం బొంతను ఒకేచోట పరచడం 1996 అక్టోబరులోనే ఆఖరు. ఆ తరువాత అది ఏ మైదానంలోనూ పట్టలేదు. 2012లో వాషింగ్టన్‌లో విడతలు విడతలుగా చూపవలసి వచ్చింది. ఇప్పుడు సుమారు 50 వేల గుడ్డలు, లక్షా పదివేల పేర్లు, 54 టన్నుల బరువు. ఇది పరాయివాళ్ళ గొడవ అనుకోవడానికి మనకు వీల్లేదు. 2000 తరువాతి సంవత్సరాలలో భారతదేశంలో ఈ జబ్బు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అక్కడా జబ్బు పేరు చెప్పకుండానే సాగనంపిన ఇళ్ళెన్నో.

1987లో ఆ దుకాణంలోకి అడుగుపెట్టిన గెర్ట్ మక్‌మల్లిన్ అనే ఆవిడ బొంతను వదలలేదు. 2001లో అది అట్లాంటాకు తరలితే వెంట వెళ్ళింది, తిరిగి కాలిఫోర్నియాకు వస్తే వెంట వచ్చింది. 2020లో కరోనా వచ్చి మాస్కులు దొరకనప్పుడు, బొంతకు వాడగా మిగిలిన గుడ్డలు తీసి ఆవిడ మాస్కులు కుట్టడం మొదలుపెట్టింది.