కణితి పోతు వేట (నల్లమల)

పల్నాడు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప చేలకు పడమట లేచే నల్లమల కొండల్లో ముదురు కణితి పోతును జాడ తీసి కొట్టే వేట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇది శిక్షార్హమైన నేరం.

కణితి, అంటే సాంబరు, మన దేశపు జింకల్లో అన్నిటికన్నా పెద్దది. బాగా ఎదిగిన పోతు 225 కిలోలు దాటుతుంది. అంత ఒళ్లున్నా కంటబడడం అరుదు. ఎద కాలంలో తప్ప ఒంటరిగానే తిరుగుతుంది. పగలు ఏటవాలు పొదల్లో పడుకుని, చీకటి పడ్డాక మేతకు, నీటికి దిగుతుంది. చూపు కన్నా ముక్కు, చెవి చురుకు. గాలి మళ్లి మనిషి వాసన తగిలితే ఆ పూట వేట ముగిసినట్టే. ఏటా కొమ్ములు రాలి, నూగు కప్పిన లేత కొమ్ములు మొలిచే రోజుల్లో మరీ మరుగున ఉంటుంది.

ఈ కొండల గిరిజనులైన చెంచులు విల్లంబులతో, కుక్కల సాయంతో వేటాడేవారు. నల్లమలలోని అమ్రాబాద్ వైపు వారి జీవితాన్ని మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1943లో గ్రంథస్థం చేశారు. బాణం దూరం పోదు కనుక జంతువుకు బాగా దగ్గరవ్వాలి. కొమ్ముల కోసం తుపాకీ పట్టిన దొరల షికారు కన్నా ఇది ఎంతో గొప్ప విద్య. ఇప్పుడు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో గస్తీ తిరిగే చెంచు కాపలాదారులు అదే జాడ విద్యతో పులులను కనిపెడుతున్నారు, దొంగ వేటగాళ్ల ఉచ్చులను పట్టుకుంటున్నారు.