పాలమూరు లేబర్‌కు ఏ చట్టం?

పాలమూరు లేబర్ అంటే దేశమంతా ఎరికే. ఏడ డ్యాం కట్టినా, ఏడ కాలువ తవ్వినా మా జిల్లా మనుషులుంటరు. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన చేసినోళ్ల పేర్లు చరిత్రకెక్కినయి. తట్ట మోసినోళ్ల పేర్లు ఏ రాయి మీదా లేవు. ఆ తట్టలల్ల మా మాదిగవాడ తట్టలున్నయి.

మా వలసకు కరువే కారణమని పుస్తకాలు రాస్తయి. కరువు ఊరందరికీ వచ్చింది. ఊరిడిచి పోయిందెవరు? వెట్టి చేసినోళ్లు, చెరువు కింద గుంట భూమి లేనోళ్లు. కృష్ణ, తుంగభద్ర పారే జిల్లాలో మాకు దక్కనిది వానొక్కటే కాదు.

మా నాయిన గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకునేటోడు. ఆ పైసలు చేతిలో పడ్డంక కూలి ఎంతని అడిగే నోరుండదు. పనిదినాలు, నాగాలు, తిండి ఖర్చు అన్నీ మేస్త్రీ పుస్తకంలనే. సీజను అయిపోయినా అప్పు తీరేది కాదు. ఆ పుస్తకం చదివేటోడు ఇంట్ల ఒకడుండాలని నన్ను బడిలేసిండు.

చదివినంక చట్టాలు చూసిన. 1976లో వెట్టిచాకిరిని రద్దు చేసిండ్రు. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. కాంట్రాక్టరుకు లైసెన్సు, కూలీకి పాసుబుక్కు, దారిఖర్చులు అన్నీ అందులో ఉన్నయి. 1982లో ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం ఇవ్వకుండా చేయించుకునే పని బలవంతపు చాకిరేనని తేల్చింది. కానీ 1979 చట్టం రాష్ట్రం దాటితేనే వర్తించేది. మహారాష్ట్ర పోయినోడు వలస కార్మికుడు, శ్రీశైలం పోయినోడు కాదు. 2014లో రాష్ట్రం విడిపోయినంక అదే శ్రీశైలం తొవ్వ అంతర్రాష్ట్రమైంది. మేస్త్రీ మారలే, అడ్వాన్సు మారలే, గీత మారింది. ఐదుగురు కూలీలుంటే వర్తించే ఆ చట్టాన్ని 2020 నాటి కొత్త కోడ్‌లో కలిపి, ఐదుగురిని పదిమందిని చేసిండ్రు.

సముద్రం దాటితే మళ్లీ వేరే చట్టం, 1983 నాటిది. పదో తరగతి పాస్ కానోడు గల్ఫ్‌కు కూలికి పోవాలంటే సర్కారు అనుమతి కావాలె. తరతరాలుగా బడి ఎవరికి అందలేదో వాళ్ల పాస్‌పోర్టు మీదనే ఆ ముద్ర. రక్షణ పేరుతో పెట్టిన అనుమతి దళారికి ఇంకో బేరమైంది. వలస కార్మికుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి 1990లో ఒడంబడిక చేసింది. పంపే మన దేశమూ అందులో చేరలేదు, తీసుకునే గల్ఫ్ దేశాలూ చేరలేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టంగనే లక్షలమంది కాలినడకన తొవ్వ పట్టిండ్రు. ఎంతమంది చచ్చిపోయిండ్రని సెప్టెంబరులో పార్లమెంటులో అడిగితే, లెక్కలు లేవన్నది కేంద్రం. మేస్త్రీ పుస్తకంల మా నాగాలు ఒక్కటి పోకుండ ఎక్కుతయి. సర్కారు పుస్తకంల మా చావులెక్కవు.

అందుకే అడుగుతున్నం. జిల్లా దాటినా, రాష్ట్రం దాటినా, సముద్రం దాటినా ఒక మనిషికి ఒకే రక్షణ ఉండాలె. పోయేటోళ్ల పేర్లు పంచాయతీలో రాయాలె. కూలి లెక్క కూలీ చేతిల ఉండాలె. రేషన్ కార్డు ఇప్పుడు ఊరు దాటింది, ఓటూ దాటాలె. కూలి, బీమా, శవం ఇంటికి చేర్చుడు, ఇవన్నీ రెండు దేశాలు ముందే ఒప్పందం రాసుకోవాలె. వీటన్నిటికంటే ముందు భూమి. ఊర్ల భూమి ఉన్నోడే మేస్త్రీతోని "నేను రాను" అనగలడు. ఆ మాట అనే బలం మాకియ్యని వలస విధానం, మేస్త్రీకి ఇంకో పుస్తకమే.